స్తంభమెక్కిన సిపాయి ద్వారపాలకుడెందుకు కావాలి?

కూటికోసం కోటి విద్యలు అన్నారు పెద్దలు. ఆ కోటి విద్యలలో కొన్నింటికి గౌరవమున్నది, కొన్నింటికి కూలి మాత్రమే ఉన్నది, మరికొన్నింటికి పేరైనా లేదు. పేరులేని విద్యలలో ఒకదానిని గురించి ఈ వార్షిక సంచికలో నాలుగు మాటలు వ్రాయదలచినాను. అది సైన్యంలో యాంటెన్నాలను నిలబెట్టి, కాపాడి, చెడినప్పుడు బాగుచేసే సిపాయి విద్య. తెలుగు పాఠాలు చెప్పుకొనేవానికి యాంటెన్నాలతో ఏమి పని అని విద్యార్థులు నవ్వవచ్చును. పని ఉన్నది. ఈ సిపాయి సైన్యం విడిచి వచ్చిన తరువాత ఎదుర్కొనే కష్టంలో సగభాగం యంత్రానికి సంబంధించినది కాదు, మాటకు సంబంధించినది. అతడు చేసిన పనికి సైన్యంలో ఒక పేరు, బయట మరొక పేరు. ఒక భాషలోని భావం మరొక భాషలోనికి రాకపోతే దానిని అనువాద సమస్య అంటాము. అటువంటి సమస్య వచ్చినచోట భాషోపాధ్యాయుడు నోరు విప్పడం అనుచితం కాదనుకుంటాను.

ముందుగా ఆ పని ఎట్టిదో చూద్దాము. టెలివిజను మన ఊళ్లకు వచ్చిన తొలి రోజులలో ఇంటి కప్పు మీద ఏరియల్ ఉండేది. గాలివానకు అది కొంచెం పక్కకు తిరిగితే చాలు, బొమ్మ మీద మంచు కురిసినట్లయ్యేది. ఒకరు మేడ మీద నిలిచి దానిని త్రిప్పుతూ "వచ్చిందా?" అని అడగడం, క్రిందివారు "ఇంకొంచెం!" అని కేకవేయడం పెద్దల నోట మనమందరమూ విన్నదే. సైన్యంలో ఈ పనికి కేకలు చాలవు. అక్కడ దిక్సూచి చూచి దిశ పెట్టాలి, మీటరు చూచి శక్తి కొలవాలి, కొండ గాలికి స్తంభం ఒరగకుండా ఉక్కు త్రాళ్లను సమానంగా బిగించాలి, పిడుగు పడితే అది భూమిలోనికి పోయే దారి ముందే సిద్ధం చేసి ఉంచాలి. సందేశం అందకపోతే అక్కడ చెడిపోయేది సాయంకాలపు వినోదం కాదు, మనుషుల ప్రాణాలు.

ఇందుకు తగిన శిక్షణ కూడా సామాన్యమైనది కాదు. భూసైన్యంలో 1911లో ఏర్పడిన సిగ్నల్స్ విభాగానికి జబల్‌పూరులోను, గోవాలోను శిక్షణ కేంద్రాలున్నవి. మౌలో టెలికమ్యూనికేషన్ ఇంజనీరింగ్ కళాశాల ఉన్నది. యంత్రాల మరమ్మతు చూచే ఇ.ఎం.ఇ. విభాగపు ప్రసిద్ధ కళాశాల మన సికింద్రాబాదులోనే ఉన్నది. వైమానిక దళపు రేడియో సాంకేతికులు బెంగళూరు జాలహళ్ళిలో నేర్చుకుంటారు. నౌకాదళంలో విద్యుత్ విద్యకు జామ్‌నగర్‌లోని వల్సూరా ఉన్నది. పదవ తరగతో, ఇంటర్మీడియటో చదివి చేరిన కుర్రవాడు అక్కడ పాఠం వింటాడు, పరీక్ష వ్రాస్తాడు, తరువాత పదిహేను ఇరవై ఏండ్లు ఎండలోను మంచులోను ఆ పాఠాన్ని ఆచరణలో పెడతాడు. పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరమని పేరు తెచ్చుకున్న ఊరు మొదలుకొని మన జిల్లాలలోని ఎన్నో పల్లెల వరకు ఇటువంటివారు తిరిగి వచ్చినవారున్నారు.

ఈ విద్యలోని ఒక ముఖ్యమైన గుణం మన విద్యార్థులు గ్రహించాలి. యాంటెన్నా పొడవు తరంగం పొడవును బట్టి ఉంటుంది. సగం తరంగమంత తీగ కట్టాలంటే, మెగాహెర్ట్జ్‌లలో ఉన్న పౌనఃపున్యంతో 143ను భాగిస్తే ఎన్ని మీటర్ల తీగ కావాలో సుమారుగా తెలుస్తుంది. దూరపు సందేశాలకు వాడే 5 మెగాహెర్ట్జ్ వద్ద అది 28 మీటర్లకు పైబడుతుంది; రెండు చెట్ల నడుమ కట్టవలసిన తీగ అన్నమాట. సెల్‌ఫోను నడిచే 900 మెగాహెర్ట్జ్ వద్ద అది 16 సెంటీమీటర్లు. మన దేశంలో 2022 అక్టోబరు 1న ఆరంభమైన ఐదవ తరం సేవకు వాడుతున్న 3500 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో 4 సెంటీమీటర్లు, అంటే వ్రేలి పొడవైనా లేదు. కొలత మారినది కాని సూత్రం మారలేదు. యాంటెన్నాకు పంపిన శక్తిలో ఎంత వెనుకకు తిరిగి వస్తున్నదో చెప్పే వి.ఎస్.డబ్ల్యు.ఆర్. అనే కొలత ఒకటున్నది. అది ఒకటికి దగ్గరగా ఉంటే అంతా క్షేమం. రెండుకు చేరితే నూటికి 11 పాళ్లు వెనుకకు వస్తున్నట్లు. మూడైతే నూటికి 25 పాళ్లు. ఈ లెక్క సరిహద్దులోని గుడారంలో ఎట్లున్నదో, మన బజారులోని సెల్ టవరు క్రింద కూడా అట్లే ఉన్నది. ఆ అంకె ఎందుకు పెరిగినది? కేబులు కలిసేచోట నీరు దిగినదా, కనెక్టరు వదులైనదా, బోల్టు తుప్పు పట్టినదా? ఇది కనుక్కోవడం పుస్తకంతో పాటు చేతికి, చెవికి, ఓర్పుకు సంబంధించిన విద్య. సిపాయికి ఆ మూడూ ఉన్నవి.

ఇక బయటి లోకంలో ఈ విద్య అవసరమైన చోట్లకు కొదువ లేదు. సెల్ టవర్లు అందరికీ కనబడేవి. అంతగా కనబడనివి ఎన్నో ఉన్నవి. తిరుపతి సమీపాన గాదంకిలో పై వాతావరణాన్ని పరిశీలించే రాడారుకు 1,024 యాంటెన్నాలు పొలంలో నాట్లు వేసినట్లు వరుసలుగా ఉన్నవి. తుపానుల రాకను కనిపెట్టే డాప్లర్ రాడార్లు విశాఖపట్నంలోను, మచిలీపట్నంలోను ఉన్నవి. షాద్‌నగర్‌లో ఉపగ్రహాల నుండి చిత్రాలను అందుకునే కేంద్రమున్నది. చంద్రయానంతో మాట్లాడిన బ్యాలాళు గ్రామపు 32 మీటర్ల యాంటెన్నాను నిర్మించినది మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ. ప్రతి పెద్ద విమానాశ్రయంలోను మంచులో సైతం విమానాన్ని సరిగా నేలకు దింపే యాంటెన్నాల వరుస ఉంటుంది. ఓడరేవులు, రైల్వేలు, పోలీసు వైర్‌లెస్, ఆకాశవాణి, వీటన్నిటికీ ఈ పని తెలిసినవారు కావలసినదే. సెల్ టవర్ల వికిరణ పరిమితిని 2012 సెప్టెంబరు 1 నుండి మన దేశంలో అంతర్జాతీయ మార్గదర్శకాలలో పదవ వంతుకు తగ్గించినారు. దానితో కొలతలు తీసేవారి అవసరం ఇంకా పెరిగినది.

యుద్ధ విద్య శాంతి విద్యగా మారడం క్రొత్త సంగతి కూడా కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రాడారు మీద పనిచేసిన బెర్నార్డ్ లవెల్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1945 డిసెంబరులో సైన్యానికి అక్కరలేకుండా పోయిన రాడారు సామగ్రిని ట్రెయిలర్లలో తెచ్చుకొని మాంచెస్టరు విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర క్షేత్రమైన జోడ్రెల్ బ్యాంకులో నిలిపినాడు. నగరంలో ట్రాముల విద్యుత్తు అడ్డువచ్చినందున పొలాలకు పోయినాడు. శత్రు విమానాల కోసం చేసిన ఆ యంత్రానికి ఉల్కల జాడలు దొరికినవి. అక్కడే 1957లో 76 మీటర్ల మహా దూరదర్శిని లేచినది. దానిని వంచి లేపే పళ్లచక్రాలు పాత యుద్ధనౌకల ఫిరంగి గోపురాల నుండి ఊడదీసినవి! ఆ ఏడాది అక్టోబరులో స్పుత్నిక్‌ను మోసికొనిపోయిన రాకెట్టు జాడను పట్టినది ఆ దూరదర్శినియే. ఫిరంగిని త్రిప్పిన చక్రానికి సైతం శాంతి కాలంలో గౌరవమైన పని దొరికినది. ఆ చక్రాన్ని ఎరిగిన మనిషికి ఎందుకు దొరకదు?

మన దగ్గర ఎందుకు దొరకడం లేదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలును. మా బంధువర్గంలో మేము మామూ అని పిలుచుకునే పెద్ద ఒకాయన పదిహేడేండ్లు సిగ్నల్స్‌లో యాంటెన్నాల పని చేసి హవల్దారుగా వచ్చినారు. ఇప్పుడాయన ఒక బ్యాంకు శాఖ గుమ్మం వద్ద తుపాకీ పట్టి నిలుచుంటారు. రోడ్డుకు అవతల ఒక సెల్ టవరున్నది. దానిని ఎక్కే పిల్లలలో కొందరు నడుముకు బెల్టు కూడా కట్టుకోరు. కనెక్టరుకు టేపు క్రింది నుండి పైకి చుట్టాలని, అప్పుడే ఒక పొర మీద ఒక పొర పెంకుటింటి కప్పులాగా వచ్చి నీరు లోపలికి దిగదని, మామూ వారికి టీకొట్టు దగ్గర చెబుతుంటారు. వాళ్లు వింటారు, గౌరవిస్తారు కూడా. కాని ఆయన ఆ పనికి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు సంబంధిత ధ్రువపత్రం లేదని త్రిప్పి పంపినారు. నేర్పగలవాడు గుమ్మం వద్ద, నేర్చుకోవలసినవాడు స్తంభం మీద! చేతిలో వెన్న పెట్టుకొని నేతికి వెతకడమంటే ఇదే.

గుమ్మం కాయడం నీచమైన పని అని నేననడం లేదు. నీతిగా కడుపు నింపే ఏ పనీ నీచం కాదు. నా అభ్యంతరం వేరు. దేశం ఎంతో ఖర్చుపెట్టి ఒక మనిషికి విద్య నేర్పి, ఆ విద్య పక్వానికి వచ్చిన ముప్పై అయిదు నలభై ఏండ్ల ప్రాయంలో "నీ చేతులు మాకక్కరలేదు, నీ మీసాలు, నీ తుపాకీ చాలు" అనడం వ్యర్థం. ఓడ దాటేదాకా ఓడమల్లయ్య, దాటిన తరువాత బోడిమల్లయ్య అన్న సామెత మనకు తెలిసినదే.

ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. కాగితాల పొందిక లేదు, అంతే. మాజీ సైనికుల పునర్నియామకం కోసం కేంద్ర ప్రభుత్వం 1979లో నియమాలు చేసినది. వాటి ప్రకారం గ్రూప్ సి ఉద్యోగాలలో నూటికి 10 వారికి కేటాయించినారు. పదవ తరగతి చదివి పదిహేనేండ్లకు తగ్గకుండా సేవ చేసినవానిని, పట్టభద్రత కోరే కొన్ని ఉద్యోగాలకు కూడా అర్హునిగా పరిగణించవచ్చునన్నారు. ఇది ఉదారమైన ఏర్పాటే. అయితే దానికి ఒక షరతున్నది. సాంకేతికమైన అనుభవం తప్పనిసరి కాని ఉద్యోగాలకే ఈ వెసులుబాటు. అంటే ఏమైనది? పదిహేనేండ్లు యాంటెన్నాలు కాపాడినవాడు గుమాస్తా బల్ల దగ్గర పట్టభద్రునితో సమానుడు. యాంటెన్నా దగ్గరకు వచ్చేసరికి మాత్రం మళ్లీ పదవ తరగతి పిల్లవాడు! విమానాశ్రయాల సంస్థలో ఎలక్ట్రానిక్స్ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పదవికి ఇంజనీరింగ్ పట్టా అడుగుతారు. దానికి దిగువనున్న సీనియర్ అసిస్టెంటుకు డిప్లొమా అడుగుతారు. అడగడం తప్పు కాదు, ప్రయాణికుల ప్రాణాలతో కూడిన పని అది. కాని అదే జాతి యంత్రాలను సైనిక విమానక్షేత్రంలో ఇరవై ఏండ్లు చూచినవాడు డిప్లొమాకు ఎంత దూరంలో ఉన్నాడో కొలిచి చెప్పే త్రాసు ఒకటి ఉండాలి కదా! మరొక ప్రక్క, మాజీ సైనికుల పునరావాస డైరెక్టరేటు ద్వారా భద్రతా ఏజెన్సీలకు నమోదు, కాపలా ఉద్యోగాలకు ఏర్పాటు చక్కగా ఉన్నది. చదును చేసిన రోడ్డు గుమ్మం వైపు పోతున్నది. స్తంభం వైపు పోయేది ముళ్ల దారి. అలసి వచ్చిన మనిషి ఏ దారిన పోతాడు?

ప్రతిపక్షం వారి మాట కూడా వినడం న్యాయం. సైన్యంలో మరమ్మతు అంటే చెడిన పెట్టెను తీసి మంచి పెట్టెను పెట్టడమే, లోపలి సిద్ధాంతం వారికి తెలియదు అని కొందరు ఇంజనీర్లు అంటారు. ఇందులో కొంత నిజమున్నది. ముందు వరుసలో పెట్టె మార్పిడియే జరుగుతుంది. లోతైన మరమ్మతు వెనుక వర్క్‌షాపులలో జరుగుతుంది. కాని టవరు సంస్థల సాంకేతికుడు చేసేది కూడా చాలావరకు పెట్టె మార్పిడియే. ఆ లోపాన్ని ఒక్క సిపాయి నెత్తిన పెట్టడం సరికాదు.

రెండవ ఆక్షేపణ ఇంతకన్న బలమైనది. సాంకేతిక లోకం మారిపోయినది, పాత విద్య పనికిరాదు అంటారు. వైమానిక దళంలోనే చూడండి. ఆకాశపు పొరలలో తరంగాలు చెదరి దూరం పోయే ట్రోపోస్కాటర్ పద్ధతి దశాబ్దాలు నడిచినది. 2010లో దాని స్థానంలో ఆప్టికల్ ఫైబరు మీద నడిచే ఏఎఫ్‌నెట్ వచ్చినది. పౌర జీవితంలోను అంతే. దూరదర్శన్ భూతల అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు దాదాపు అన్నీ 2022 నాటికి మూతపడినవి. కాబట్టి యాంటెన్నా ఒక్కటే తెలిసి, దాని వెనుకనున్న కంప్యూటరు వలయం తెలియకపోతే ఈనాడు చాలదు. ఇది ఒప్పుకోవలసిన మాట. అయితే దీని ఫలితార్థం సిపాయిని గుమ్మం వద్ద నిలబెట్టమని కాదు. ఆరు నెలలు కూర్చోబెట్టి ఫైబరు అతకడం, నెట్‌వర్కు అమర్చడం నేర్పమని. పది మెట్లున్న నిచ్చెనలో ఏడు ఎక్కినవానికి కావలసినది మూడు మెట్లు మాత్రమే.

మూడవ కష్టం సిపాయి లోపలిది. సైన్యంలో ఆజ్ఞ వస్తుంది, పని జరుగుతుంది. బయట ఆజ్ఞ రాదు. ఎంత ఖర్చవుతుంది, ఎన్ని గంటలలో అవుతుంది, వినియోగదారునికి ఏమి సమాధానం చెప్పాలి అని తనంతట తాను ఆలోచించాలి. అదీగాక మాట్లాడడానికి భయం. రహస్యాల చట్టం 1923 నాటిది. దాని పేరు విన్న సిపాయి ఇంటర్వ్యూలో తాను చేసిన పనిని గురించి పెదవి విప్పడు. "సిగ్నల్స్‌లో ఉన్నానండి" అని ఊరుకుంటాడు. ఎదుట కూర్చున్నవానికి అది ఏమీ చెప్పదు. ఇక్కడనే నేను మొదట చెప్పిన అనువాదం అవసరమైనది. ఏ యంత్రం, ఏ స్థలం, ఏ పౌనఃపున్యం అన్నవి చెప్పరాదు, చెప్పనక్కరలేదు కూడా. "ఇన్ని మీటర్ల స్తంభాలు నిలబెట్టినాను, ఇన్ని అడుగుల ఎత్తున పనిచేసినాను, కేబులు కనెక్టర్లు వేసినాను, వి.ఎస్.డబ్ల్యు.ఆర్. కొలిచి లోపం కనుగొన్నాను, భూబంధం నిరోధం కొలిచినాను, ఎనిమిది మంది జట్టును నడిపినాను, ఒక్క ప్రమాదమూ జరగనీయలేదు" అని చెప్పవచ్చును. ఇందులో రహస్యమేమున్నది? ఇది లోకమంతటా ఒకే తీరుగా ఉండే పని. "హవల్దారు" అన్న ఒక్క మాట వెనుక ఇన్ని క్రియాపదాలున్నవి. ఆ క్రియాపదాలను బయటికి తీయడమే ఉద్యోగానికి మొదటి మెట్టు.

ఇక కర్తవ్యం. సైన్యంలో ఉన్నవారికీ, చేరబోయేవారికీ నేను చెప్పదలచినది ఒక్కటే: కాగితం సేవలో ఉండగానే సంపాదించండి. విడుదలైన తరువాత సంసార భారం మీద పడుతుంది, చదువుకు తీరిక ఉండదు. ఒకప్పుడు పట్టుదల గల సిపాయిలు ఎ.ఎం.ఐ.ఇ. పరీక్షలు వ్రాసి ఇంజనీరులైనారు. ఆ పరీక్షకు పట్టాతో సమానమైన గుర్తింపు 2013 మే 31 వరకు నమోదైనవారికే పరిమితమైనది. ఆ తలుపు ఉన్నదనుకొని ఎవరూ మోసపోవద్దు. తెరిచి ఉన్న తలుపులు వేరే ఉన్నవి. ముందే నేర్చిన పనిని పరీక్షించి ధ్రువపత్రమిచ్చే పద్ధతి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉన్నది; టెలికాం రంగానికి ప్రత్యేకమైన నైపుణ్య మండలి ఉన్నది. డిప్లొమా చేతికి వస్తే ఇసెట్ వ్రాసి బి.టెక్. రెండవ సంవత్సరంలో చేరవచ్చును. అమెచ్యూర్ రేడియో పరీక్ష ప్యాసైతే కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు వస్తుంది. అది ఉద్యోగమీయదు కాని, ఈ మనిషికి తరంగం సంగతి తెలుసునని పౌర భాషలో సాక్ష్యం చెబుతుంది. ప్రతి సిపాయి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేసుకునేటప్పుడు కాపలా పని అని కాక తన సాంకేతిక విద్యను స్పష్టంగా వ్రాయించుకోవాలి.

ఈ మాట ఇప్పుడే చెప్పడానికి కారణమున్నది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పద్ధతిలో పదిహేడున్నర ఏండ్ల కుర్రవాడు చేరి నాలుగేండ్లు పనిచేస్తాడు. నూటికి 25 మందికి మించి కొనసాగింపు ఉండదు; మిగిలినవారికి ఒక మొత్తం సొమ్ము చేతికి వస్తుంది కాని పింఛను లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. 2022 చివరను, 2023 మొదటను శిక్షణలో చేరిన తొలి బృందాలకు నాలుగేండ్లు నిండే కాలం 2026-27. ఆ పద్ధతి మంచిదా చెడ్డదా అన్న వాదంలోనికి నేను పోను. పదిహేడేండ్లు పనిచేసి పింఛనుతో వచ్చిన మామూ తరానికే దారి దొరకనప్పుడు, ఇరవై రెండేండ్లకు తిరిగి వచ్చే మన విద్యార్థికి దారి ఎవరు చూపుతారన్నదే నా ప్రశ్న. మన కాలేజీ నుండి కూడా పిల్లలు ఆ పరీక్షలకు పోతున్నారు. వారిలో కొందరైనా చేతిలో సొమ్ము, నోటిలో "సిగ్నల్స్‌లో ఉన్నానండి" అన్న ఒక్క వాక్యంతో తిరిగి వస్తారు.

ప్రభుత్వాన్ని నేను కోరేది చిన్న మార్పు. 1979 నియమంలోని షరతును తలక్రిందులు చేయాలి. సాంకేతికానుభవం కావలసిన ఉద్యోగాలకు సైనిక సాంకేతికుని అనుభవాన్ని ప్రత్యక్షంగా పరీక్షించి, ఎన్ని మెట్లు తక్కువో చెప్పి, ఆ మెట్లకు శిక్షణ ఇచ్చి తీసుకోవాలి. పరీక్ష లేకుండా ఇమ్మని కాదు. పరీక్షకే రానీయకపోవడం అన్యాయమని.

ప్రభుత్వం కదిలేలోగా మన కాలేజీ పాలకవర్గం వారు చేయగలిగినవి మూడున్నవి. మొదటిది, ఊరిలో ఉన్న మాజీ సైనిక సాంకేతికులలో ఒకరినైనా భౌతికశాస్త్ర ప్రయోగశాలలో బోధన సహాయకునిగా నియమించడం. నిబంధనలు అడ్డువస్తే గౌరవ వేతనం మీద వారానికి రెండు పూటలైనా పిలువవచ్చును. మన పిల్లలు తరంగదైర్ఘ్యం నిర్వచనం కంఠస్థం చేస్తారు, కాని తీగ కత్తిరించి యాంటెన్నా కట్టినవారు తక్కువ. రెండవది, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థను సంప్రదించి కాలేజీలో ఒక రేడియో సంఘం పెట్టడం. తుపాను వచ్చి ఫోనులు మూగపోయిన రోజున దాని విలువ తెలుస్తుంది. మూడవది, సాయంకాలం వేళ ఆరు నెలల వారధి తరగతి నడపడం. ఫైబరు, నెట్‌వర్కు మన కంప్యూటరు విభాగం చెబుతుంది. దరఖాస్తులు, పని వివరాలు వ్రాయించే బాధ్యతను ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు శాఖల వాళ్లం పంచుకుంటాము. తెలుగు శాఖ తరఫున నా సాయంకాలాలు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నానని ఇందుమూలంగా వ్రాతపూర్వకంగా తెలుపుకుంటున్నాను.

చివరగా విద్యార్థులకు ఒక మాట. మన రెండు భాషలలోను చేతి పనికి మంచి మాటలున్నవి. ఉర్దూలో హునర్ అంటారు, తెలుగులో పనితనం అంటారు. ఈ మాటలు చెప్పేటప్పుడు మన గొంతులో గౌరవం పలుకుతుంది. కాని అదే పనితనం గలవాడు నూనె మరకల చొక్కాతో గుమ్మంలోనికి వస్తే కూర్చోమని కుర్చీ చూపము. పట్టా ఉన్నవానిని "సారు" అంటాము, పని వచ్చినవానిని "మిస్త్రీ" అంటాము. ఈ తేడాను ఏ ప్రభుత్వ నియమమూ పుట్టించలేదు. మన ఇళ్లలో పుట్టినది, మన తరగతి గదులలో పెరిగినది. సైన్యం నుండి వచ్చినవానికి ఉద్యోగ ద్వారం మూసిపోవడంలో ఈ చిన్నచూపుకు కూడా భాగమున్నది. పట్టా గలవాడు మిస్త్రీ దగ్గర కూర్చొని నేర్చుకొననిదే, మిస్త్రీ పట్టా వైపు నాలుగు మెట్లు ఎక్కనిదే, ఈ దేశంలో సాంకేతిక విద్య రెండు కాళ్ల మీద నిలువదు. ఆ రెండు ప్రయాణాలూ కలిసే చోటు కాలేజీ కాకపోతే మరేది? వచ్చే విద్యాసంవత్సరపు ప్రణాళిక వ్రాసేటప్పుడు పాలకవర్గం పెద్దలు ఈ ప్రశ్నకు ఒక పంక్తి కేటాయించాలని మనవి చేస్తున్నాను.